ఎర్ర సిరాతో ‘లెఫ్ట్’ అని రాసిన కార్డు

మా చిన్నప్పుడు... రూపనగుడిలో మా ఇంటికి ఒక కార్డు తిరిగొచ్చింది. హొసపేట డ్యాం పనికి పోయిన మా చిన్నాయన ఎర్రిసామికి అవ్వ రాయించిన కార్డే అది. అడ్రసు మీద ఎర్ర సిరాతో ఒక్క ఇంగ్లీషు మాట... ‘లెఫ్ట్’.

చిన్నాయన మా నాయనతో గొడవపడి వెళ్లి ఆరు నెలలు. అవ్వకు ముద్ద దిగడం లేదు. ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది నాకొక్కదానికే... ఆరో తరగతి మరి! బడిలో రోజూ ‘లెఫ్ట్, రైట్’ అంటూ డ్రిల్లు చేసేదాన్ని, నాకు తెలియని మాటా అది?

“ఎడమ పక్క అవ్వా! చిన్నాయన ఎడమ పక్క ఉండాడంట” అన్నాను గట్టిగా.

“అట్లయితే పోదాం పా” అంది అవ్వ.

జొన్నరొట్టెలు మూట కట్టుకుని, బళ్లారి దాకా ఎద్దులబండి, అక్కడి నుంచి రైలు. డ్యాం దగ్గర కూలీల రేకుల షెడ్లు రెండు వరసలు. నేను ముందు నడిచి ఎడమ వరసలో ప్రతి తలుపూ తట్టాను. చివరి షెడ్డులో ఒకామె పొయ్యి ఊదుతోంది.

“ఎర్రిసామప్పనా? పోయినాడు కదమ్మా!”

అవ్వ ఉన్నచోటే కూలబడింది.

ఆమె పరుగున వచ్చి అవ్వ చేయి పట్టుకుంది. “అయ్యో, ఆ పోవడం కాదవ్వా! ఈడ పని ఇడిసిపెట్టి పోయినాడు. కురుగోడు కాడ కాలవ తవ్వుతాండారు, ఆడుండాడు.”

ఆమె భర్త కార్డు చూసి నవ్వాడు. “లెఫ్ట్ అంటే ఎడమే కాదు పాపా, ఇడిసిపోయినాడని కూడా. లీవ్ అనే మాట నుంచి వస్తాది.”

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. అవ్వ మాత్రం చెంగుతో కళ్లు తుడుచుకుని, “నువ్వట్ల చెప్పబట్టే కదా ఈడికొచ్చినాం, లే” అంది.

మర్నాడు కురుగోడు. కాలవ గట్టు మీద గడ్డపార పట్టుకుని చిన్నాయన! అవ్వ కొడుకు వీపు మీద రెండు దెబ్బలు వేసి, ఆ వీపునే పట్టుకుని ఏడ్చింది.

“ఏడవద్దమ్మా... ఆదివారం లీవు పెట్టి వస్తా” అన్నాడు.

“మళ్లీ ఇడిసిపోతావా?” నేను అరిచాను.

“లీవంటే రజా కూడా పాపా... సెలవు తీసుకుని ఇంటికొస్తా!”

ఆదివారం చెప్పినట్టే వచ్చాడు. అందరం తినడానికి కూర్చున్నాం. నాయన తన తట్టలోని బొరుగుల ఉగ్గాణి సగం తీసి చిన్నాయన తట్టలో వేశాడు. వాళ్ల మధ్య అంతకు మించి మాటలు అక్కరలేకపోయాయి.

ఇప్పుడు ఏ మాటకైనా అర్థం అరనిమిషంలో ఫోనే చెప్పేస్తుంది... ఎవరి తలుపూ తట్టే పని లేదు. పొయ్యి దగ్గర నుంచి లేచొచ్చి చేయి పట్టుకున్న ఆ మనిషి పేరైనా నేను అడగలేదు. మీ చిన్నప్పుడు అట్లా దారి చూపినవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే ఇక్కడ రాయండి... వాళ్లను ఒకసారి తలుచుకుందాం.