పాలుకు వేసిన రోడ్డు

ఆ రోజు నేను తప్పు మాట చెప్పానని ఇప్పటికీ కొందరంటారు. అననీ. నాకేం సిగ్గు లేదు.

జనగామ నుంచి మహబూబాబాద్ మీదుగా భూపాలపల్లి దాకా టోల్ రోడ్డు వేస్తామని నెల్లికుదురు దగ్గరి మా ఊళ్లో మీటింగు పెట్టారు. ఆ పని చూసే ఆఫీసులో నేను ఔట్‌సోర్సింగ్ మీద కంప్యూటర్ ఆపరేటర్‌ని. జనం ఏమన్నారో రాసి సంతకాలు తీసుకోవడం నా పని. మా పొలం రోడ్డుకు అవతల పడుతుంది. మొదటి మ్యాపులో పొలాలకు పోయేందుకు రోడ్డు కింద తొవ్వ, అంటే దారి, ఉంది. కొత్త మ్యాపులో లేదు. ఖర్చు పెరుగుతుందని కంపెనీ తీసేయించింది. అది లేకపోతే మా అమ్మ గడ్డిమోపు నెత్తిన పెట్టుకుని పక్క ఊరి దాకా పోయి చుట్టి రావాలి.

"ఇది ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం" అన్నాడు కంపెనీ మనిషి. ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యేటట్టు చెప్పమని మా పెద్దసారు నాకు సైగ చేశాడు.

"సర్కారు, కంపెనీ పాలుకు చేస్తున్నయి" అన్నాను. మా దగ్గర భూమి ఒకరిది, కష్టం ఒకరిది అయితే పాలుకు చేయడం అంటారు. పండినా ఎండినా ఇద్దరిదీ.

అమ్మ లేచింది. "సారూ, బండ్లు తక్కువొస్తె కంపెనీకి ఏం పోతది?"

"ఏం పోదమ్మా" అన్నాడు పెద్దసారు. "తగ్గింది ప్రభుత్వం ఇస్తుంది. ఒప్పందమే అట్లా ఉంది."

"ఎక్కువొస్తె?"

"అది కంపెనీదే."

"ఎండితె మాది, పండితె వాళ్లది. గిదేం పాలు సారూ? మల్ల మా తొవ్వ గూడ తీసేస్తిరి."

జనం నవ్వారు. పెద్దసారు నా వైపు వంగి, "ఆ పాలు మాట కొట్టెయ్. గ్రామస్తులు ఒప్పుకున్నారని రాయి" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఎవరు ఒప్పుకున్నారు? అమ్మ అడిగింది అడిగినట్టే రాసి, అందరికీ చదివి వినిపించి, సంతకాలు, వేలిముద్రలు తీసుకున్నాను.

వారం తిరగకుండా పనిలోకి రావొద్దన్నారు. ఏడ్చాను, అబద్ధమెందుకు. అమ్మ మాత్రం, "పోతె పోనియ్ బిడ్డా. అబద్ధాలు రాసెటందుకా నిన్ను సదివిచ్చింది" అంది.

మొన్న మళ్లీ మీటింగు పెట్టారు. అదే మ్యాపు. నా కుర్చీలో కొత్తమ్మాయి కూర్చుంది. నేను జనంలో, అమ్మ పక్కన. నన్ను చూసి పెద్దసారు తల తిప్పుకున్నాడు. ఈసారి ముందు నేనే లేచాను.

"మా తొవ్వ మాకు మ్యాపుల చూపెట్టేదాక ఒక్క సంతకం గూడ పడది. గిది రాసుకో చెల్లె."

ఆ అమ్మాయి ఒకసారి పెద్దసారు వైపు చూసింది. తర్వాత రాసుకుంది.