షిఫ్టు మీట మీద అమ్మ వేలు

మా మనవరాలు రాజమండ్రిలో టైపు నేర్చుకుంటోంది. సాయంత్రం ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చి నా పక్కన చతికిలబడగానే దాని వేళ్ళ నుంచి రిబ్బను సిరా, మిషను నూనె కలిసిన వాసన వస్తుంది. చేతులు కడుక్కోమని వాళ్ళమ్మ గదమాయిస్తుంది. నేను మాత్రం కాసేపు ఆగవే అంటాను. ఆ వాసన తగిలితే చాలు, నేను సామర్లకోటలో మా పెంకుటింటి నడవాలో పరికిణీ కట్టుకుని, చేతిలో ఒక బూరె పట్టుకుని నిలబడి ఉంటాను.

ఆ రోజుల్లో దసరా అంటే వానలు వెనకపట్టి, కాలవల్లో ఎర్రనీళ్ళు తేరుకుని, వరిచేలు పొట్టమీద ఉండి, వీధి వీధంతా బెల్లం పాకం వాసనతో మునిగిపోయే రోజులు. మేము ఆడపిల్లలం పేరంటాల్లో పెట్టిన శనగలు ఒళ్ళో పోసుకుని, బొమ్మల కొలువు ముందు అచ్చంగాయలు ఆడుకునేవాళ్ళం. నాయనమ్మ అరుగు మీద వత్తులు చేసుకుంటూ, దారినపోయే ప్రతివాళ్ళనీ ఆపి, వాళ్ళింట్లో ఏం వండారో కనుక్కుంటే గాని కదలనిచ్చేది కాదు. ఆ ఏడు మాత్రం మా కొలువు పక్కన, బొమ్మలన్నిటికంటే ఎత్తుగా, పీట మీద ఒక నల్లటి టైపు మిషను కూర్చుంది.

మా నాన్న ఒక బెల్లం షావుకారు గారి దగ్గర ఇంగ్లీషు ఉత్తరాలు రాసే గుమాస్తా. ఆ వేసంగిలో సరుకుతో ఉన్న ఎడ్లబండి చక్రం ఆయన కుడిచేతి మీదుగా పోయింది. గాయం మానింది గాని వేళ్ళు కలం పట్టలేదు. కలం పట్టని గుమాస్తా ఎవరికి కావాలి? షావుకారు గారు చెడ్డవారు కారు. ఎప్పుడో మోజుపడి కొని, వాడేవాళ్ళు లేక మూలపడేసిన మిషనుని మా ఇంటికి పంపించి, "ఎడం చేత్తో నేర్చుకో వెంకటరత్నం. దసరా వెళ్ళిన మర్నాడు నా ఎదుట తప్పుల్లేకుండా ఉత్తరం కొట్టి చూపించు. లేదంటే కాకినాడ నుంచి ఇంకో మనిషిని పిలుచుకుంటాను, ఏమనుకోకు" అన్నారు.

నాన్న పంతం పట్టారు. పాలు పితికే వేళకి మొదలుపెడితే అన్నానికి పిలిచినా లేచేవారు కాదు. ఆ కాలపు మిషన్లు మహా గడుసువి. అచ్చు కింది నుంచి తగిలేది, కాయితం పట్టుకునే చట్రాన్ని ఎత్తి చూస్తే గాని ఏం పడిందో తెలిసేది కాదు. పైకి లేచి అచ్చు గుద్దే ఒక్కో పుల్లకి రెండక్షరాలు, చిన్నదీ పెద్దదీ. మామూలుగా కొడితే చిన్నది పడుతుంది. షిఫ్టు మీట నొక్కిపడితే చట్రం వెనక్కి జరిగి పెద్దది పడుతుంది, వదిలేస్తే చట్రం మళ్ళీ ముందుకొచ్చేస్తుంది. అందరూ ఒక చేత్తో మీట పట్టి రెండో చేత్తో అక్షరం కొడతారు. మా నాన్నకి పనిచేసేది ఒకటే. అందుకని ఆయన ప్రాణమంతా షిఫ్టు పక్కనున్న చిన్న లాకు మీద ఉండేది. దాన్ని బిగిస్తే చట్రం జరిగినచోటే ఆగి ఉంటుంది. "కాలవ లాకు తలుపులు మూస్తే నీళ్ళు ఆగవూ? ఇదీ అంతేనే," అని నాకు చూపించేవారు.

విజయదశమినాడు అమ్మ కత్తిపీటకీ, రోలుకీ, తిరగలికీ పసుపు కుంకుమలు పెట్టింది. ఇకమీదట మాకు అన్నం పెట్టబోయేది మిషనే కదా, దానికి తక్కువ చేస్తుందా? ఒళ్ళంతా బొట్లు పెట్టి, తడితడి అక్షింతలు గుప్పెడు తీసుకుని, కళ్ళు మూసుకుని దండిగా చల్లింది.

మర్నాడు పొద్దున్న నాన్న కూర్చుంటే లాకు పట్టలేదు. పసుపులో నానిన గింజ ఒకటి లాకు పన్ను దిగే గాడిలో ఇరుక్కుని, అక్కడే చితికి ముద్దయిపోయింది. సూదితో పొడిచారు, నూనె పోశారు, ఊదారు. రాలేదు. మీట మీద తూకపు రాయి పెడితే జారిపోయింది. కుడి మోచేత్తో నొక్కితే పక్క మీటలు కూడా పడ్డాయి. నాన్న గోడవైపు తిరిగి కూర్చున్నారు. అమ్మని తిట్టి ఉంటే నాకంత భయం వేసేది కాదు.

అమ్మ కాసేపు ఏడ్చింది. తర్వాత మొహం తుడుచుకుని వచ్చి మీట మీద వేలు పెట్టి చూసింది.

"ఏమండీ, దీన్ని నొక్కిపట్టుకోడమే కదండీ కావలసింది? నేను పట్టుకుంటాను."

"నీకు ఇంగ్లీషు రాదు కదే," అన్నారు నాన్న.

"మీరు ఊఁ అంటే నొక్కుతాను, మళ్ళీ ఊఁ అంటే వదిలేస్తాను. దానికి ఇంగ్లీషేంటండీ?"

అరుగు మీద నుంచి నాయనమ్మ అందుకుంది. "కొట్లో మగాళ్ళ మధ్య కూచుంటావా? పరువేం కావాలే?"

"పరువు వండిపెడితే పిల్ల తినదు కదండీ అత్తయ్యగారూ," అని అమ్మ కొంగు బిగించింది.

ఎడ్లబండిలో మిషను, దాని వెనక నాన్న, ఆయన వెనక నా చెయ్యి పట్టుకుని అమ్మ. వీధిలో ఆడవాళ్ళంతా గుమ్మాల్లోకి వచ్చి చూశారు. ఈగలు ముసిరిన బెల్లం దిమ్మల మధ్య షావుకారు గారు లేచి నిలబడ్డారు. "ఏంటమ్మా ఇది?"

"లాకు చెడిందండి. నా పూజ వల్లే చెడింది. అది బాగయ్యేదాకా దాని పని నేను చేస్తానండి."

నాన్న మొదలుపెట్టారు. ఊఁ, టక్, ఊఁ, ఆ వెనకే చిన్నక్షరాల టకటక. రైలు వాళ్ళని సరుకు పెట్టెలు అడిగే ఉత్తరం అది. అమ్మ వేలి కొన తెల్లగా పాలిపోయింది గాని ఒక్క ఊఁ కూడా తప్పలేదు. షావుకారు గారు కాయితం తీసుకుని, పెదవులు కదుపుతూ ఆఖరిదాకా చదివి, అంచున అంటిన పసుపు దగ్గర ఆగారు.

"రైలు వాళ్ళకి శుభలేఖ వేస్తున్నామా ఏంటయ్యా?" అని నవ్వి సంతకం పెట్టారు. కాకినాడ మనిషి ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మిషను మా ఇంట్లోనే ఉంచుకోమన్నారు.

గింజ ఎండిపోయి దానంతటదే రాలిపోయింది. లాకు బాగుపడిన సంగతి నాన్న ఎవరికీ చెప్పలేదు. అమ్మకి తెలియదనుకున్నారు పాపం, రోజూ మిషను తుడిచేది ఆవిడే కదా! ఆవిడా ఏమీ ఎరగనట్టే వచ్చి పక్కన కూర్చునేది. నొక్కిపట్టి, నాన్న వేలు ఏ మీట మీద పడుతోందో చూసేది, పేరు అడిగేది. మీటల మీద ఉండేవి పెద్దక్షరాలే గనక, అమ్మకి వచ్చినవీ అవే. చిన్నక్షరాలని ఆవిడ జీవితాంతం లెక్కచెయ్యలేదు.

తునిలో మా మేనమామ ఇంటికి రైల్లో వెళ్ళేటప్పుడు ప్రతి స్టేషనులోనూ తల బయటికి పెట్టి, బోర్డు మీది అక్షరాలు ఒక్కొక్కటే గట్టిగా చదివేది. పిఠాపురం పొడుగు పేరు కావడంతో రైలు కదిలేలోగా పూర్తయ్యేది కాదు. ఆవిడకి ఆ రైలు మీద చాలా కోపం వచ్చేది. చివరికి, "టీ, యూ, ఎన్, ఐ! తుని వచ్చిందండీ, దిగండి!" అని కేకేసేది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఆ దారి తెలిసిన మా నాన్న, ఎడం చేత్తో మూట దించుతూ, "అవునా? వచ్చేసిందా?" అనేవారు.

ఇప్పుడు ఆ కొట్టు లేదు, మిషనుని ఎవరు ఏ పాత సామాన్లలో వేశారో తెలియదు. నిరుడు ఒక్కదాన్నే రైల్లో తుని వెళ్ళాను. బోర్డు కనబడగానే ఉండబట్టలేక, ముసలితనాన సిగ్గు విడిచి, నాలుగక్షరాలూ పైకే చదివాను. పెట్టెలో వాళ్ళంతా నావైపు చూశారు. అవునా అని అడిగినవాళ్ళు లేరు.