స్టవ్ కొనడానికి మా మావయ్యతో వెళ్లకండి

మా మావయ్యకి ఒక జబ్బుంది. ఏ వస్తువైనా ఇంట్లో ఎలా వాడతామో కొట్లోనే అచ్చం అలా వాడి చూడనిదే కొననివ్వడు. తూనికలు కొలతల శాఖలో ముప్పయ్యేళ్లు తనిఖీలు చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయింది గానీ తనిఖీ పోలేదు. పరుపు కొనడానికెళ్లి కొట్లో గంటన్నర నిద్రపోయాడు. గురక కూడా పెట్టాడు! గొడుగు కొనడానికెళ్లి కొట్టువాడి చేత నెత్తిన చెంబుడు నీళ్లు పోయించుకున్నాడు.

అలాంటి మనిషిని ఇండక్షన్ స్టవ్ కొనడానికి వెంటబెట్టుకెళ్లాను, నా బుద్ధి గడ్డి తిని! నేను ఇంట్లో వండి ఆఫీసులకి పద్దెనిమిది భోజనం బాక్సులు పంపుతాను. ఉన్న స్టవ్ ఆ మధ్యాహ్నమే చచ్చింది. తెల్లారేసరికి కొత్తది రాకపోతే పద్దెనిమిది మందీ పస్తు, నా పేరు మట్టికొట్టుకుపోతుంది.

ఈయనేమో సంచిలో నా పెద్ద గిన్నె, ఒక తడిపిండి ముద్ద పెట్టుకుని బయల్దేరాడు.

మొదటి కొట్లో ఆ పిండి వేళ్లకి పూసుకుని స్టవ్ నొక్కాడు. అది ఉలకలేదు, పలకలేదు.

"తడిచేత్తో నొక్కకూడదండీ," అన్నాడు కొట్టువాడు.

"ఏం, మీ ఇంట్లో చేతులు కట్టుకుని వండుతారా?"

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది.

రెండో కొట్లో తిప్పే మీట ఉన్న స్టవ్ చూపించారు. హమ్మయ్య అనుకున్నాను. మావయ్య గిన్నె నిండా నీళ్లు పోయించి, ఎడంచేత్తో పక్కకి లాగాడు. స్టవ్ అంచుకి తగిలి నీళ్లన్నీ కొట్టువాడి బూట్ల మీద ఒలికాయి.

"గిన్నె ఎత్తాలండీ, లాగుతారా ఎవరైనా?"

"ఎత్తలేకపోతే?"

"ఎత్తలేనివాళ్లకి వంటెందుకండీ?"

అంతే! మావయ్య వాడితో పావుగంట పోట్లాడాడు. నేను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చాను.

మూడో కొట్టు మూసేవేళయింది. అక్కడి స్టవ్‌కీ తిప్పే మీటే. గిన్నెలో నీళ్లు పోయించి, మళ్లీ ఎడంచెయ్యే వేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మావయ్యా! ఇక్కడ నా కొంప మునుగుతుంటే నీ వేషాలేమిటి? ఎడంచేత్తో గిన్నె లాగే మొహం ఎవరైనా ఉన్నారా లోకంలో?"

"ఉన్నావుగా నువ్వు," అన్నాడు, గిన్నె మీంచి చూపు తిప్పకుండానే. "నెల్లాళ్లుగా నీ కుడి మణికట్టు పనిచెయ్యట్లేదు. నేను రోజూ కాఫీకి వస్తున్నది నీ కాఫీ బాగుండి అనుకున్నావా?"

నేను ఎవరికీ చెప్పలేదు. మా ఆయనక్కూడా. చెబితే బాక్సులు మానెయ్యమంటారని భయం.

ఈ స్టవ్ పలకలా పల్చగా ఉంది, అంచు లేదు. నిండు గిన్నె నున్నగా గట్టు మీదకి జారింది, చుక్క ఒలకలేదు.

"ఇది తీసుకో," అన్నాడు.

"ఈ ముక్క ముందే చెప్పి ఏడవచ్చుగా!" అని అరిచాను.

డబ్బా అందుకోబోతే మావయ్య నా చెయ్యి పక్కకి నెట్టేశాడు.

"ఆగు. దీని బరువు ఇంకా పరీక్షించలేదు," అంటూ డబ్బా భుజానికెత్తుకుని, ఇంటి దాకా పరీక్షిస్తూనే నడిచాడు.