చిలక ముక్కు, శుక్ర మూఢం, రెండేళ్ల నిరీక్షణ

మీసం సరిగ్గా రాని ఆ వయసులో మనిషికి తన కంపెనీ మీద ఉండే నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు. గుడివాడలో ఆరోగ్య బీమా ఏజెంటుగా చేరిన నేను మెడకు టై బిగించుకుని (మే నెలలో, గుడివాడలో!) జనాన్ని జబ్బుల నుంచి కాపాడడానికే పుట్టాననుకునేవాణ్ణి. మా మేనేజరు నేర్పిన మొదటి పాఠం, "వెయిటింగ్ పీరియడ్ మాట చివర్లో చెప్పవోయ్, నవ్వుతూ చెప్పు" అని. అంటే, పాలసీ ఇవాళ తీసుకున్నా కంటి శుక్లం, హెర్నియా లాంటి కొన్నిటికి రెండేళ్లదాకా పైసా ఇవ్వరు. రోగం వచ్చాక పాలసీ కొనే తెలివైనవాళ్లను ఆపడానికట. ఆ తెలివైనవాళ్లు నాకెప్పుడూ తగల్లేదు. తగిలినవాళ్లంతా మా పెదనాన్నలాంటివాళ్లే.

పెదనాన్నది పెడనలో చెక్క అచ్చులతో కలంకారీ అద్దకం పని. నా తొలి పాలసీ ఆయనకే అంటగట్టాను (బంధువులుండేది అందుకేగా). ఆయన సిద్ధాంతి గారిని అడిగి, వర్జ్యం పోయాక, తూర్పుకు తిరిగి సంతకం పెట్టాడు. ఏడాది తిరక్కుండానే కళ్లకు పొర కమ్మింది. దుప్పట్ల మీద చిలక ముక్కు వెళ్లి చిలక తోక మీద పడడం మొదలైంది. "ఇంకోసారి ఇలా అద్దితే పని వేరేవాళ్లకిస్తానండీ" అన్నాడు షావుకారు. పెద్దమ్మ నా మీద పడింది. "కళ్లు పోతున్నాయిరా బాబూ అంటే, ఆగమంటావేంట్రా? మీ కంపెనీ రూలు శుక్లానికి తెలుసా?" పెదనాన్న మాత్రం, "ఆగుదామే. కట్టింది ఊరికే పోనిస్తామా" అని, ముక్కులు తడుముకుంటూ అద్దుకుంటూ కూర్చున్నాడు.

ఎలాగో రెండేళ్లు నిండొచ్చాయి. రెన్యూవల్ కట్టేస్తే చాలు, బందరులో ఆపరేషనే. సరిగ్గా ఆ వారమే శుక్ర మూఢం మొదలైంది, రెండు నెలలకు గాని వదలదట. నేను బండేసుకుని పెడన పరుగెత్తాను. "పెదనాన్నా, గడువు దాటాక నెలే ఆగుతారు. ఆ తర్వాత పాలసీ పోతుంది. మళ్లీ మొదట్నుంచి రెండేళ్లు!" ఆయన చలించలేదు. "మూఢంలో కడితే మంచి జరుగుతుందంట్రా? మీ మేనేజరు గారితో చెప్పు, ఆయనా తెలుగువాడేగా." పోనీ నేను కడతానన్నాను. "నువ్వు కట్టినా నా పేరు మీదేగా" అన్నాడు. సిగ్గు విడిచి మేనేజరుకు చెప్పాను. "కంప్యూటరుకు మూఢాలేంటయ్యా" అని నవ్వాడాయన (ఆయన తన కొత్త కారు కొనడం మాత్రం మూఢం వెళ్లేదాకా వాయిదా వేసుకున్నాడు).

మూఢం వెళ్లింది, పాలసీ కూడా వెళ్లింది. సుముహూర్తంలో డబ్బు పుచ్చుకుని కంపెనీ కొత్త పాలసీ ఇచ్చింది, కొత్త రెండేళ్లతో సహా. పెద్దమ్మ ఇక ఎవర్నీ అడగలేదు. అవనిగడ్డలో ఉచిత కంటి శిబిరం ఉందని విని, ఆయన్ని బస్సెక్కించింది (ఆ రోజు అమావాస్యని ఆవిడకు తెలుసు, ఆయనకు చెప్పలేదు). కట్టు విప్పి, కొత్త కళ్లజోడు పెట్టాక పెదనాన్న చేసిన మొదటి పని పాలసీ కాగితాలు చదవడం. "ఒరే, ఈ చీమ తలకాయ అక్షరాలు చదవాలంటే ముందు ఆపరేషను కావాలి. ఆపరేషను కావాలంటే ముందు ఇవి చదివుండాలి. మీవాళ్లు గట్టివాళ్లురా!" నాకు నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది. మర్నాటి నుంచి నేను టై కట్టుకోలేదు.

షావుకారు తిప్పిపంపిన దుప్పటి ఒకటి పెద్దమ్మ నాకిచ్చింది, "నీ కంపెనీ గుర్తుగా ఉంచుకో" అంటూ. తల నెరిసిన ఈనాటికీ చుట్టాలొచ్చినప్పుడల్లా అది పరిచి, తోక మీద ముక్కున్న ఆ చిలకల కథ చెప్పి నవ్విస్తుంటాను. మొన్న పరిస్తే చిత్రంగా చిలకలన్నీ తిన్నగా కనిపించాయి. మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. ఆవిడ దుప్పటి వంక చూడలేదు, నా కళ్లలోకి చూసింది. "మనం పాత పాలసీ మానేసి కొత్తది తీసుకుంది ఎప్పుడండీ?" అంది. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివర్లో, మేనేజరు నేర్పినట్టే నవ్వుతూ చెప్పాను, "పోయిన వేసవిలో" అని.