తొట్టెల పాట

బాలమల్లుది ఇరవై ఎనిమిదేండ్ల సాంచ బతుకు. కరీంనగర్‌కు పడమరగా ఉన్న ఆ చిన్న పట్నంలో మరమగ్గాన్ని సాంచ అనే అంటారు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి, గొంతు రెండింతలైంది. ఆదివారం చర్చిలో మాత్రం ఆ గొంతు లేచేది కాదు. చెప్పులు విడిచే చోటికి ఆనుకొని, గుమ్మం పక్కనే కూర్చునేవాడు. పదేండ్లుగా అతని ప్రార్థన ఒక్కటే: క్షమించు తండ్రీ. ఏం తప్పు చేశావయ్యా అంటే చెప్పలేడు. సాంచల సేటు బట్టను వెలుతురుకు ఎత్తి పట్టి, పోగు తెగిన జాగాలే వెతికేవాడు. దేవుడూ అట్లాగే వెతుకుతాడని ఈ మనిషి నమ్మకం. పాపం, దగ్గరి నుంచి అతను చూసిన పెద్దమనిషి ఆ సేటు ఒక్కడే మరి.

ఇంట్లో పదకొండేండ్ల బిడ్డ వనజ. నడక రాలేదు, మాట రాలేదు. సంతోషమైతే మాత్రం వీధి చివరిదాకా వినపడేటట్టు అరుస్తుంది. మూడేండ్ల కింద ఒకసారి ఆమెను చర్చికి ఎత్తుకొచ్చాడు. పాట మధ్యలో పిల్ల అరిచింది, ముందు వరుసలవాళ్ళు వెనక్కి తిరిగారు. చూశారు, అంతే. బాలమల్లు ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టి బయటికి తెచ్చేశాడు. అప్పటి నుంచి ఒక ఆదివారం అతను, ఒక ఆదివారం భార్య సత్తమ్మ. ఇద్దరూ కలిసి ఆరాధనకు పోయిందే లేదు. దేవుని ఇంట్లో తన బిడ్డకు చోటు లేదన్న బాధ అతన్ని లోలోపల తినేస్తూనే ఉంది.

ఈ ఎండాకాలం సేటు పాత సాంచలను వేలం పాటకు పెట్టాడు. ఒక్కొక్కటే అమ్ముడుపోయింది. బాలమల్లు నడిపిన సాంచ దగ్గరికి వచ్చేసరికి పాట పాడేవాళ్ళే లేరు. పాత ఇనుము కింద బండికెత్తారు. అతను గోడకు ఆనుకొని చూస్తూ నిలబడ్డాడు.

ఆ వారమే ఆదివారం చర్చిలో పాస్టరు కరుణాకర్ అయ్యగారు బైబిల్ తెరిచి, "దేవుడు మిమ్ముల చూసి సంబురపడుతడు, మీ మీద పాట పాడుతడు" అని చెప్పాడు. బాలమల్లు అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, చెప్పులు వేసుకుంటూ అయ్యగారిని గుమ్మం దగ్గర పట్టుకున్నాడు.

"అయ్యగారూ, నా మీద ఎవరు పాడుతరు? నా సాంచ మీదనే ఎవ్వలు పాడలే."

అయ్యగారికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వలేదు.

"గా వేలంపాట కాదు, బాలమల్లన్నా. మీ వనజ తొట్టెలల్ల ఉన్నప్పుడు నువ్వు పాడలేదా? గసొంటి పాట."

"ఇప్పటికీ పాడుత. నేను పాడకుంటె అది పండుకోదు."

"గా పిల్ల ఏం చేసిందని పాడుతున్నవ్?"

"ఏం చేసుడేంది అయ్యగారూ? నా బిడ్డ గద."

ఆ మాట అతని నోటి నుంచే వచ్చింది. ఒక కాలికి చెప్పు తొడిగి, రెండోది తొడగడం మరిచి అట్లాగే నిలబడ్డాడు. కండ్ల నీళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

మరుసటి ఆదివారం సత్తమ్మ వంతు. కానీ ముగ్గురూ వచ్చారు. వనజను భుజాన వేసుకొని బాలమల్లు గుమ్మం దాటాడు, వరుసలన్నీ దాటాడు, అన్నిటికంటే ముందున్న చాప మీద కూర్చున్నాడు. సత్తమ్మ భయంభయంగా పక్కన చేరింది.

పాట ఎత్తుకోగానే వనజ అరిచింది. డోలక్ ఆగింది, పాట ఆగింది. బాలమల్లు చెయ్యి అలవాటు కొద్దీ ఆమె నోటిదాకా పోయింది. అక్కడే కాసేపు నిలిచింది. తర్వాత ఆ చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకొని, సాంచల మధ్య ముదిరిన ఆ బండగొంతుతో ఆగిన పాటను తనే అందుకున్నాడు. శ్రుతి లేదు, తాళం అంతకంటే లేదు. వనజ ఇంకా గట్టిగా అరిచింది. అయ్యగారు కండ్లు మూసుకొని గొంతు కలిపాడు. మెల్లగా మిగతావాళ్ళూ కలిపారు, మూడేండ్ల కింద తిరిగి చూసినవాళ్ళతో సహా.

ఇంటికి నడుస్తూ నడుస్తూ బాలమల్లు ఆగిపోయాడు.

"ఏమైంది?" అంది సత్తమ్మ.

"ఇయ్యాల క్షమించుమని దేవున్ని అడుగుడు మర్చిపోయిన."

"మల్ల పోయి అడుగుతవా?"

బాలమల్లు ఆలోచించాడు. బిడ్డను ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"వచ్చే వారం అడుగుత తియ్యి. ఇయ్యాలటికి ఆయనను సంబురంల ఉండనీ."