డెసిడరాటా, అక్షింతలు

డెబ్భైల్లో, డిగ్రీ పాసై తిరువూరులో ఊరికే తిరుగుతున్న రోజుల్లో నా నోట్లో ఒకటే మాట నానుతుండేది: డెసిడరాటా. లైబ్రరీలో ఏదో ఇంగ్లీషు పుస్తకంలో తగిలింది. లాటిన్‌లో 'కోరుకున్నవి' అని అర్థం. ఇంగ్లీషువాళ్ళు ఉన్నదున్నట్టు ఎత్తుకుపోయారు. స్పెయిన్‌లో అయితే, లైబ్రరీవాళ్ళని తెప్పించమని అడిగే పుస్తకానికి ఆ పేరట. జర్మన్లు మరీ గడుసు, ఇంకా ఎవరూ పూడ్చని లోటును అలా అంటారట. నాకు జర్మన్ అర్థమే సరిగ్గా అతికింది.

నా లోటు విశాఖపట్నంలో భాషాశాస్త్రం ఎమ్మే. సీటొచ్చింది. సోమవారం చేరాలి. అదే సోమవారం విస్సన్నపేటలో మాస్టరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అది నాన్న కోరిక. సీటు సంగతి అమ్మకు చెప్పాను. నాన్నకు చెబుదామని వరండాలో గచ్చు అరిగేలా తిరిగానే గాని చెప్పలేకపోయాను.

నా గొణుగుడు విని, దాని అర్థం అడిగి తెలుసుకున్నాక, పౌరోహిత్యం చేసే మా మేనమామ నవ్వేవాడు. "ఏరా అల్లుడూ, పొద్దస్తమానం కావాలి కావాలంటావు, కావలికి టికెట్టు కొననా?"

ఆదివారం, నాకు ఆ ఉద్యోగం రావాలని నాన్న గణపతి పూజ పెట్టించాడు. "కోరిక నీది, నువ్వే కూర్చో," అన్నాడు. కూర్చున్నాను. కాలు మాత్రం కూర్చోలేదు, పీట మీద ఊగుతూనే ఉంది.

సంకల్పంలో మామయ్య అనే ప్రతి ముక్కా నేను తిరిగి అనాలి. గోత్రం అయింది, ఆయురారోగ్యాలయ్యాయి.

"ఉద్యోగ ప్రాప్త్యర్థం," అన్నాడు మామయ్య.

"విద్యా ప్రాప్త్యర్థం," అన్నాను. అనేసి, చేతిలో అక్షింతలు నీళ్ళతో పళ్ళెంలో వదిలేశాను.

"ఏంటి వీడనేది?" అన్నాడు నాన్న.

"విశాఖలో సీటొచ్చిందండీ. రేపే చేరాలట," అంది అమ్మ, గుమ్మంలోంచి.

నాన్న నావంక చూడలేదు. "బావా, మళ్ళీ చెప్పించు."

"అక్షింతలు పడిపోయాయి బావగారూ. వదిలిన నీళ్ళు వెనక్కి తీసే మంత్రం నాకు రాదు."

"పోనీ రెండూ కలిపి చెప్పకూడదా అన్నయ్యా?" అంది అమ్మ.

నాన్న కండువాతో మెడ తుడుచుకున్నాడు. దీపం ఒత్తి ఎగదోశాడు. అది బాగానే వెలుగుతోంది.

"విద్యా, ఉద్యోగ... అను," అన్నాడు నాతో. "ముందు విద్యే ఉండనీ."

మళ్ళీ అక్షింతలు తీసుకున్నాను. చెమటకి వేళ్ళకంటుకుని, విదిలించినా రాలలేదు.