తాళం తీసినా ఆగని ఇంజను

2022 డిసెంబరు. బందరులో చల్లపల్లి వైపు వెళ్ళే రోడ్డు మీద నా డీజిల్ పంపు షాపు. ఫ్యూయల్ ఇంజెక్షన్ పంపు అంటే డీజిల్‌ను కొలిచి, ఒత్తిడి పెట్టి ఇంజనులోకి పంపే భాగం. లారీలు, ట్రాక్టర్లు, రొయ్యల చెరువుల ఇంజన్లు, వీటి పంపులు విప్పి సరిచేయడం నా పని. బడిచదువు ఆరో తరగతితో ఆగిపోయింది. మిగతాదంతా డిక్షనరీ పక్కన పెట్టుకుని మాన్యువల్స్‌లో చదువుకున్నదే. కంప్యూటర్ బళ్ళు వచ్చాక పని తగ్గింది గాని, పాత బళ్ళవాళ్ళు ఇంకా వెతుక్కుంటూ వస్తుంటారు.

అలా వచ్చినవాడు ఏలీయా. నాగాయలంక దాటాక కరకట్ట పక్కన వాళ్ళ ఊరు. తెచ్చిన పాత పికప్ వాళ్ళ అన్న దానియేలుది. దానియేలు రెండేళ్ళ కిందట చనిపోయాడు. ఇప్పుడు ఏలీయా ఆ బండికి ట్రైలర్ తగిలించి రొయ్యల పట్టుబడికి ఐసు తీసుకెళ్తాడు, పట్టిన రొయ్యల్ని డిపోకి చేరుస్తాడు. ఏలీయా ఇల్లూ, దానియేలు భార్య సుగుణ ఇల్లూ ఆ ఒక్క బండి మీదే నడుస్తున్నాయి.

"ట్రైలర్‌తో కరకట్ట ఎక్కాలంటే గింజుకుంటోంది బాబాయ్. పంపు కాస్త పెంచండి."

"ఎంత పెంచమంటావు?"

"ఇక చాల్లే అనేంత."

"ఎవరు అనాలి, నువ్వా, ఇంజనా?"

నవ్వాడు. కూర్చోబెట్టి చెప్పాను. డీజిల్ పెంచితే దాన్ని కాల్చడానికి గాలి పెంచాలి. గాలిని ఇంజనులోకి గట్టిగా తోసేది టర్బో. అది పొగ వేగానికి తిరిగే చిన్న చక్రం. గాలి పెంచితే లోపల వేడి పెరుగుతుంది. ఖాళీ బండి అయితే ఆ వేడి ఒక క్షణం ఉండి పోతుంది. బరువు లాగే బండికి ఆ వేడి దిగే సందు ఉండదు. కాబట్టి ముందు ట్రైలర్‌కు బ్రేకులు పెట్టించు, గాలిని చల్లబరిచే ఇంటర్ కూలర్ కడిగించు, ఆ తర్వాత పంపు సంగతి నేను చూస్తాను అన్నాను.

సరేనని వెళ్ళాడు. వెళ్ళి గుడివాడలో ఎవడిచేతో పంపు స్క్రూ తిప్పించుకున్నాడు.

నాకు ఒళ్ళు మండేది ఇక్కడే. సైలెన్సర్ నుంచి నల్ల పొగ వస్తే పవర్ వచ్చినట్టేనట. నల్ల పొగంటే కాలని డీజిల్ రా నాయనా అని యాభై ఏళ్ళుగా చెబుతున్నాను. ఫోనులో వీడియో చూసి పంపు స్క్రూ తిప్పేవాడికీ, టర్బో ఒత్తిడిని అదుపులో ఉంచే రాడ్డు బిగించేసేవాడికీ ఆ ఇంజను ఎవరి అన్నం పెడుతోందో అక్కర్లేదు. బండి షాపు గేటు దాటిందంటే వాడి పూచీ అయిపోయింది.

జనవరిలో ఏలీయా మళ్ళీ వచ్చాడు, బండి లేకుండా, బస్సులో.

"బాబాయ్, తాళం తీసినా ఆగట్లేదు."

"ఎక్కడ?"

"అక్కడే. కరకట్ట ఎక్కేచోట, అన్న పోయిన ర్యాంపు మీద. ఇంకెక్కడా చెయ్యదు. రెండుసార్లైంది."

దానియేలు ఎలా పోయాడో అప్పుడు చెప్పాడు. పట్టుబడి లోడుతో కరకట్ట ఎక్కుతుంటే గుండె పట్టేసింది. గేరు తీశాడు, హ్యాండ్ బ్రేక్ వేశాడు, అలాగే స్టీరింగు మీదికి ఒరిగిపోయాడు. కాలు మాత్రం యాక్సిలరేటర్ మీదే ఉండిపోయింది. ఊళ్ళో ఇంటి దగ్గరున్న సుగుణకు ఆ మోత వినిపించింది. ఈయనేంటి ఇంత గట్టిగా తొక్కుతున్నారు అనుకుందట. జనం వెళ్ళి తాళం తిప్పేదాకా బండి అరుస్తూనే ఉంది.

"ఇప్పుడూ అదే మోత బాబాయ్. అచ్చం అదే. వదిన ఆయనే అంటోంది. వచ్చి బండితో మాట్లాడుతోంది. ఆమె మాట్లాడాక ఆగుతోంది. పాస్టర్ గారు ప్రార్థన చేశారు. ఊళ్ళో కుర్రాళ్ళు దయ్యం బండి అని ఫోనుల్లో తిప్పుతున్నారు. నాకు ఎక్కాలంటే కాళ్ళు రావట్లేదు. వదినేమో ఎవరినీ ముట్టుకోనివ్వద్దంటోంది."

చనిపోయినవాడి గురించి నవ్వుకునే ఆ ఫోనులవాళ్ళను తలుచుకుంటే ఇప్పటికీ నాకు కోపమే. కాని ఏలీయా ముందు దాన్ని చూపించలేదు. డీజిల్ ఇంజను తాళం తీశాక ఆగలేదంటే అది డీజిల్ కాని దేన్నో తాగుతోందన్నమాట. దీన్ని రనవే అంటారు. ఆపకపోతే వేగం పెరిగిపోయి ఇంజను ముక్కలైపోతుంది, పక్కనున్నవాళ్ళకూ తగులుతుంది. బండి పోతే రెండు ఇళ్ళూ పోతాయి. ఒక చెక్క పలక తీసుకుని అతనితో బయల్దేరాను. గాలి లోపలికి వెళ్ళే గొట్టం మూతిని పలకతో మూసేస్తే ఎంతటి ఇంజనైనా ఊపిరాడక ఆగుతుంది.

మర్నాడు పొద్దున్నే మంచు. చెరువుల మీద నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు వినబడుతోంది గాని, ఏమీ కనబడదు. ట్రైలర్‌లో ఐసు నింపి ఏలీయా ర్యాంపు ఎక్కించాడు. నేను పక్కన నడుస్తున్నాను. ముక్కు పైకెత్తి బండి సగం దాకా మామూలుగానే ఎక్కింది. తర్వాత మోత మారింది. ఏలీయా కాలు తీసేశాడు, నాకు కిటికీలోంచి కనబడుతూనే ఉంది. అయినా మోత పెరుగుతోంది. బ్రేకు వేసి, గేరు తీసి, తాళం లాగి, దాన్ని చేత్తో పైకెత్తి నాకు చూపించాడు. వెనక నీలం పొగ మంచులో కలిసిపోతోంది.

నేను ట్రైలర్ చక్రాల కింద రాళ్ళు పెట్టి, పలక తీసుకుని ముందుకు వచ్చేసరికి సుగుణ అక్కడ ఉంది. ఎటునుంచి వచ్చిందో చూడలేదు. పరుగెత్తి వచ్చిన మనిషిలా లేదు. బానెట్ మీద చెయ్యి వేసి, పక్కగదిలో ఉన్న మనిషితో మాట్లాడినట్టు అంది:

"ఇక చాల్లెండి. పిల్లలు బడికి వెళ్ళారు. దిగండి."

మోత ఒకసారి తగ్గింది, మళ్ళీ లేచింది, మెల్లగా పడిపోయి ఆగింది. నా చేతిలో పలక అలాగే ఉంది. ఏరేటర్ల చప్పుడు మళ్ళీ వినబడింది. ఏలీయా బండి దిగలేదు.

బండిని ట్రాక్టరుకు కట్టి బందరు తెప్పించాను. సుగుణ వద్దని అనలేదు గాని, తనూ వస్తానంది. నేను పైపులు విప్పుతుంటే షాపులో స్టూలు మీద కూర్చుని చూస్తోంది. ఇంటర్ కూలర్ పక్కకు వంచితే ట్రే నిండా నల్లటి నూనె కారింది.

"ఈ బ్రీదర్ గొట్టం ఎవరు మార్చారు?" అని ఏలీయాను అడిగాను. ఇంజను కడుపులో పుట్టే నూనె ఆవిరిని బయటికి వదిలే గొట్టం అది. పాత బళ్ళలో కిందికి, రోడ్డు మీదికి వదిలేసి ఉంటుంది.

"నేనే బాబాయ్. రొయ్యలు కొనే కంపెనీ మనిషి తూకానికి ముందు గుప్పెడు రొయ్యలు ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. నూనె వాసన వస్తే ట్రే మొత్తం పక్కన పెట్టేస్తాడు. అందుకని గొట్టం తిప్పి టర్బో మూతిలోకి పెట్టాను."

కొత్త బళ్ళలో అలాగే ఉంటుంది, కాని మధ్యలో నూనెను వేరుచేసే భాగం ఉంటుంది. ఇక్కడ అది లేదు. గుడివాడలో ఒత్తిడి పెంచేసరికి కడుపులో ఆవిరి ఎక్కువైంది, అదంతా ఇంటర్ కూలర్‌లో నూనెగా పేరుకుంది. ఆ చుట్టుపక్కల అంత నిట్టనిలువు ర్యాంపు ఇంకొకటి లేదు. ముక్కు పైకి లేవగానే నూనె వెనక్కి జారి ఇంజనులో పడుతోంది. తాళం డీజిల్‌నే ఆపుతుంది, నూనెను ఆపదు. జారినంతా కాలిపోయాక ఇంజను తనే ఆగుతోంది.

ఇది చెప్పాక సుగుణ లేచి వచ్చి ట్రేలోకి వంగి చూసింది.

"ఇంతేనా అండీ?"

"ఇంతేనమ్మా."

"మరి మూడుసార్లూ నా మాట అయ్యేసరికే అయిపోయిందేంటండీ నూనె?"

మోత విని ఇంటి నుంచి నడిచి వచ్చేసరికి ఆ నూనె కాలిపోతుంది అని చెప్పవచ్చు. చెప్పలేదు. ఆ రోజు ఆమె నడిచి రావడం నేను చూడలేదు కదా.

"ఇది బాగుచేస్తే ఇంకెప్పుడూ అలా అరవదా?"

"అరవదమ్మా."

ఏలీయా ఏదో చెప్పబోతే సుగుణ చెయ్యి అడ్డం పెట్టింది.

"బాగుచెయ్యండి. నువ్వు బతకాలి కదా ఏలీయా. ఆయన్నొక్కర్ని పోగొట్టుకున్నాను, చాలు."

ఎక్కువ ఒత్తిడికి అరిగిపోయిన టర్బో మార్చాను. ఒత్తిడి పాత కొలతకు తెచ్చాను. బ్రీదర్‌కు నూనె పట్టే చిన్న డబ్బా పెట్టాను. అటు రొయ్యలకు వాసన రాదు, ఇటు ఇంజనులోకి నూనె పోదు. పొగ వేడి చూపించే మీటరు బిగించి, ఆ మీటరు ఒప్పుకున్నంత వరకే పంపు పెంచాను. ట్రైలర్‌కు బ్రేకులు పెట్టించాకే బండి ఇచ్చాను.

అదే ర్యాంపు మీద ఐసు లోడుతో చూశాం. సుగుణ డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది. బండి గింజుకోకుండా, పొగ లేకుండా ఎక్కింది. కట్ట మీద ఆపి తాళం తియ్యమన్నాను. ఏలీయా తీశాడు. ఇంజను అప్పుడే ఆగిపోయింది.

ఏలీయా ఊపిరి వదిలి నావైపు చూసి నవ్వాడు. సుగుణ మాత్రం ఇంకా వింటున్నట్టు తల కొంచెం వంచి అలాగే కూర్చుంది. కాసేపటికి దిగి, నాకు దణ్ణం పెట్టి, కట్ట మీదుగా ఇంటివైపు నడిచి వెళ్ళిపోయింది. చెప్పిన పని చెప్పినట్టు చేసిన ఇంజను పక్కన తల దించుకుని నిలబడటం నా పనిలో నాకు అదొక్కసారే.

అప్పటినుంచి బండి తెచ్చినవాళ్ళను ఒక ప్రశ్న ఎక్కువ అడుగుతున్నాను. ఇది ఎవరి బండి, ఇది బాగైతే ఇంట్లో ఎవరికైనా ఏదైనా పోతుందా అని. చాలామంది ముసలాయనకు మతి తప్పిందని నవ్వుతారు. ఎవరో ఒకరు నవ్వరు. వాళ్ళ బండి విప్పే ముందు ఇంట్లోవాళ్ళను కూడా తీసుకురమ్మంటాను.